నేల కిరాయి

లాంచీ మద్దిరేవుకు వచ్చింది, దిగడానికి బల్ల మాత్రం వేయలేదు. పోయిన వారం మనం ఆగింది అక్కడే.

మద్దిరేవు భద్రాచలానికి దిగువన, అడవి వచ్చి గోదావరిని తాకేచోట ఉన్న చిన్న ఊరు. పాపికొండల వైపు పోయే 'తెరచాప టూర్స్' లాంచీలు మధ్యాహ్నం అన్నానికి ఇక్కడ ఆగుతాయి. ఆదివారమైతే రెండు లాంచీలు, నాలుగు వందల మంది. దిగుతారు, తింటారు, ఫొటోలు దిగుతారు, రెండు గంటల్లో పోతారు. వాళ్ళు వదిలి పోయినవి ఊరికి మిగులుతాయి. ఏడాదిగా తలకు ఇరవై రూపాయలు తీసుకుంటున్నారు. దాన్ని వందకు పెంచాలని గ్రామసభలో పట్టుబట్టి గెలిచింది మహిళా సంఘం లీడరు హేమ్లి. ఆ తీర్మానం రాసింది పంచాయతీ సెక్రటరీ ఆరాధన. ఇవాళ కంపెనీ మేనేజరు శ్రీధర్ ఖమ్మం నుంచి వకీలును వెంటబెట్టుకుని కారులో దిగాడు. తీర్మానం రద్దు చేస్తేనే జనాన్ని దించుతానని, లాంచీని ఒడ్డుకు పది గజాల అవతల ఆపించాడు.

ఇంజను ఆపలేదు. డబడబమంటూనే ఉంది. పైఅంతస్తు కమ్మీలు పట్టుకుని నూట ఎనభై మంది ఒడ్డు వైపు చూస్తున్నారు. ఒంటిగంట దాటింది. ఒడ్డున సంపూర్ణ పేర్చిన నిప్పుల మీద నలభై వెదురు బొంగులున్నాయి, వాటి నిండా కోడికూర ఉంది. కొనేవాళ్ళు దిగితేనే అది కూర, దిగకపోతే నష్టం. అడుగంటిన వాసన అప్పుడే మొదలైంది.

"నీ వంద రూపాయలు నా బొంగులు మాడగొడ్తున్నయ్ వదినె," అంది సంపూర్ణ, పట్టుకారుతో ఒక్కో బొంగునూ పక్కకు దొర్లిస్తూ. ఆమె గొంతులో దాపరికం లేదు. పెంచవద్దని గ్రామసభలోనూ ఆమె ఒక్కతే చెయ్యెత్తింది. "ఇరవై ఉన్నప్పుడు ఇంటిల్లిపాది దిగి రెండు బొంగులు తీసుకునేటోళ్ళు. ఇప్పుడు ఎనిమిది మందికి ఎనిమిది వందలు ఈడనే ఇచ్చినంక, నా దగ్గరికొచ్చి వాసన చూసి పోతరు."

"వాసనకు కూడా పెట్టు ఒక రేటు," అంది హేమ్లి.

ఇద్దరూ నవ్వారు. నవ్వినా ఎవరి మాట వాళ్ళదే. ఆరాధన ఆ ఇద్దరినీ చూస్తూ నిలబడింది. ఇంతకుముందే వకీలు చేతిలో తీర్మానం జిరాక్సు కనిపించింది. అందులో ఒక మాట కింద ఎర్ర సిరాతో రెండు గీతలు ఉన్నాయి. ఏ మాటో ఇంత దూరం నుంచి కనపడలేదు.

హేమ్లికి యాభై దాటాయి. తండాలో పుట్టింది, బడి మొహం చూడలేదు. సత్తుపల్లిలో తాపీ మేస్త్రీల కింద సిమెంటు మాలు మోసే రోజుల్లో షాపుల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కుంది. అందుకే ఇవాళ్టికీ ఏ కాగితమైనా పైకి, బోర్డు చదివినట్టు గట్టిగా చదువుతుంది. మూడేళ్ళుగా లాంచీలు పోయాక రేవంతా ఊడ్చింది ఆమె, ఆమె సంఘంలోని ఆడవాళ్ళు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ పైసా ఇవ్వలేదు. పోయిన ఎండాకాలం సర్పంచు రూప్లా గేదె కడుపు ఉబ్బి చచ్చిపోతే, కోయించి చూస్తే లోపల బిర్యానీ కవర్లు గంపెడు. ఆ కవర్లను కడిగి, ఆరబెట్టి, మూటగట్టి కంపెనీ ఆఫీసుకు తీసుకుపోయి శ్రీధర్ టేబులు మీద పోసి వచ్చిన మనిషి హేమ్లి. ఆరాధనకు ఈ ఊరికి పోస్టింగు వచ్చిన వారానికే ఆ సంగతి తెలిసింది. ఆ రోజు నుంచి హేమ్లి ముందు కుర్చీలో కూర్చోవడానికి ఆమెకు సిగ్గు.

శ్రీధర్ గొంతు సవరించుకున్నాడు. మంచి చొక్కా, మంచి మాట. మంచి మాటతో గొంతు కోసే రకం.

"చూడండమ్మా, మీరు పెంచుకోండి, నేను వద్దనను. అవతల ఒడ్డు వాళ్ళు ఊరికే రమ్మంటున్నారు. షామియానా కూడా వాళ్ళే వేస్తారట. నాకు ఇక్కడ ఆగినా ఒకటే, అక్కడ ఆగినా ఒకటే. నష్టపోయేది మీరే. టూరిస్టు అంటే పిట్ట లాంటివాడు, చప్పుడు చేస్తే ఎగిరిపోతాడు. నాలుగు ఊళ్ళు చూసినవాణ్ణి, చెబుతున్నా."

ఆ మాటకు ఒడ్డున ఉన్న చాలామంది మొహాలు వాడాయి. అందులో అబద్ధం లేదు మరి. పోయిన ఏడు పది నుంచి ఇరవై చేసినప్పుడు ఒక లాంచీ నిజంగానే అవతలికి పోయింది. ఆ నెలంతా సంపూర్ణ కోళ్ళు దమ్మపేట సంతకు మోసింది. పెంచితే ఊరు బాగుపడుతుందా, ఉన్నది కూడా పోతుందా? ఆరాధన రెండు పక్కలా లెక్కేసి చూసుకుంది ఎన్నోసార్లు. జవాబు తెలియలేదు. సర్పంచు రూప్లాకు అసలు లెక్క వేసే ధైర్యమే లేదు. అతను తువాలు తీసి మెడ తుడుచుకుంటున్నాడు.

హేమ్లి లేచి నిలబడింది. "పోయింది సారు, నిజమే. ఒక లాంచీ పోయింది. మళ్ళ నెల తిరగకముందే ఎందుకొచ్చింది?"

శ్రీధర్ వాచీ చూసుకున్నాడు.

"నేను చెప్తా. అవతల ఒడ్డు బురద. చెప్పులు దిగబడ్తయి, ముసలోళ్ళు పడ్తరు. ఒకామె కాలిరిగి భద్రాచలం దవాఖానాల పండుకున్నది. మీరు మా మీద ప్రేమతోటి ఈడికి వస్తలేరు. గట్టి నేల కోసం వస్తున్నరు. గిట్ల గట్టిగ, సాపుగ, నీడ ఉన్న నేల పేరంటపల్లి దాకా ఇంకోటి చూపియ్యున్రి, నేనే మీ లాంచీకి దండ వేసి సాగనంపుతా."

రేవులో నవ్వులు లేచాయి. ఆరాధన కూడా నవ్వింది. రెండు నెలలు తాను తల పగలగొట్టుకున్న లెక్కను ఈమె ఒడ్డు మీద కాలు పెట్టి చూసి తేల్చేసింది. బురద ఎక్కడుందో చూసినవాళ్ళకు లెక్కలు అక్కర్లేదు.

"వందతోని ఏం చేస్తరని అడగరైతిరి సారు, నేనే చెప్తా," అంది హేమ్లి. "ఆదివారం రెండు కొట్టేసరికి మా బోరు ఎండుతది. నాలుగొందల మంది చేతులు కడిగితే ఊరికి తాగనీకి నీళ్ళుండయి. ఇంకో బోరు. ఆడోళ్ళకు తలుపున్న బాత్రూములు నాలుగు. ఊడ్చేటోళ్ళకు జీతం. గోదారి పొంగితే మూడు నెలలు మీరు రారు, ఆ మూడు నెలలు కూడా జీతం. ఇరవైతోని ఏమొచ్చింది? ఒక చెత్తడబ్బా వచ్చింది. అది కూడా కోతులు గుంజుకపోయినయి."

లాంచీ మీద నుంచి ఒకామె కేకేసింది. టోపీ పెట్టుకుని ఉంది, హైదరాబాదు మనిషిలా ఉంది. "ఆంటీ, అక్కడ బాత్రూం ఉందా?"

"లేదమ్మా," హేమ్లి తిరిగి కేకేసింది. "ఈ సారు ఒప్పుకుంటే ఉంటది."

"ఉదయం నుంచి ఆపుకుని కూర్చున్నాం ఆంటీ. తలుపుంటే రెండొందలైనా ఇస్తా."

"నేనివ్వను," ఆమె పక్కనున్న పెద్దమనిషి అరిచాడు. "టికెట్టులో అన్నీ కలిపామన్నారు మాకు. మళ్ళీ వందేంటి?"

"అట్ల అడుగున్రి సారు," అంది హేమ్లి. "నన్ను కాదు, ఈయనను అడుగున్రి. అన్నీ కలిపినమన్నడు గద, అండ్ల మమ్ముల ఎందుకు కలపలేదో అడుగున్రి."

శ్రీధర్ మెడ ఎర్రబడింది. వకీలు వైపు చూశాడు. అప్పటిదాకా ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకున్న వెంకటేశ్వరరావు లేచాడు. కుసుమంచి మనిషి, ఖమ్మం కోర్టులో ఇరవై ఏళ్ళ ప్రాక్టీసు. కేకలు వేసే వకీలు కాడు. నిమ్మళంగా మాట్లాడతాడు, అందుకే ఎక్కువ భయం వేస్తుంది.

"అమ్మా, మీరు చెప్పినవన్నీ ధర్మమే. నేను కాదనను. కానీ ధర్మం వేరు, కాగితం వేరు." జిరాక్సు పైకెత్తి చదివాడు. "'మద్దిరేవులో దిగు పర్యాటకులపై తలకు వంద రూపాయల చొప్పున రేవు పన్ను విధించుటకు సభ ఏకగ్రీవముగా తీర్మానించినది.' ఇది మీ తీర్మానమేనా సర్పంచ్ గారూ?"

రూప్లా తలూపాడు. ఏకగ్రీవమేమీ కాదు, సంపూర్ణ చెయ్యెత్తింది. అయినా తలూపాడు.

"పన్ను వేయాలంటే పైనుంచి మంజూరు కావాలి. మీ దగ్గర ఉందా? లేదు. మంజూరు లేని పన్ను చెల్లదు. చెల్లని పన్ను ఎవరి దగ్గరైనా వసూలు చేస్తే, చేసినవాళ్ళ మీద కేసు. సంతకం పెట్టిన సర్పంచు మీద, రాసిన సెక్రటరీ మీద. ఇప్పుడే రద్దు రాయండి. జనం దిగుతారు, అన్నం తింటారు, అందరం ఇంటికి పోతాం."

ఎర్ర గీతలు ఏ మాట కింద ఉన్నాయో ఆరాధనకు ఇప్పుడు తెలిసింది.

రూప్లా జేబులో పెన్ను వెతుక్కుంటున్నాడు. సంఘం ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాత్రూములు, బోరు, జీతం, అన్నీ ఆ ఒక్క కాగితంతో గోదావరిలో కలిసేలా ఉన్నాయి.

"పన్నా?" అంది హేమ్లి. "నేనెప్పుడన్న సారు పన్ను అని? నా నోట్ల మిగిలిన పండ్లే నాలుగు. ఇంకో పన్ను నేనేడ తెత్త?"

ఈసారి లాంచీ మీదివాళ్ళు కూడా నవ్వారు. హేమ్లి నవ్వలేదు.

"నేను కిరాయి అన్న. మా రశీదు బుక్కు చూడున్రి, సత్తుపల్లిల అచ్చేయించినం, నేను చెప్పిందే చెప్పినట్టు వేసిండు ప్రెస్సాయన. మద్దిరేవు నేల కిరాయి."

"రెండూ ఒకటేనమ్మా," అన్నాడు వకీలు.

"ఒకటెట్లయితయి సారు? పన్ను సర్కారు తీసుకుంటది. ఎందుకు తీసుకున్నదో మనం అడగం, అది చెప్పదు. కిరాయి గట్ల కాదు. జాగ వాడుకున్నందుకు ఇస్తం. ఇల్లు ఖరాబు చేస్తే లెవ్వమంటరు. నేను సత్తుపల్లిల ఆరేండ్లు కిరాయికున్న. ఓనరమ్మ ఏటేటా పెంచింది. పన్ను పెంచినవని ఎన్నడన్న అన్ననా? ఇష్టముంటే ఉన్న, లేకుంటే ఇంకో ఇల్లు చూసుకున్న. ఈ సారు కూడా అంతే. ఉంటే ఉండుమను, అవతలికి పోతే బురదల దిగుమను."

వకీలు రశీదు బుక్కు తీసుకుని చూశాడు. మొదటిసారి అతని కనుబొమలు కదిలాయి. "రశీదులో కిరాయి అని ఉంది. తీర్మానంలో పన్ను అని ఉంది. సభ చెప్పింది ఏది?"

పలకవలసింది ఒక్కరే.

ఆరోజు సభలో అందరూ కిరాయి అనే అన్నారు. ఆరాధన చెవులారా విన్నది. ముందు నోటు పుస్తకంలో అలాగే రాసుకున్నది కూడా. తర్వాత ఆఫీసులో కూర్చుని తీర్మానాల పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు పెన్ను ఆగింది. కిరాయి ఏమిటి, ఆటో కిరాయిలాగా? మండలాఫీసులో నవ్వుతారు. కల్లూరు నుంచి వచ్చి డిగ్రీ చదివిన పిల్లకు తెలుగు రాదంటారు. అందుకని దిద్దింది. 'పన్ను' రాసింది, 'విధించుట' రాసింది, 'ఏకగ్రీవముగా' కూడా తానే చేర్చింది, అది లేకపోతే వాక్యం బోసిగా ఉందని. చదువుకున్నవాళ్ళ రోగమే ఇది. చదువురాని మనిషి సరిగ్గా పెట్టిన మాటను పట్టుకుని బాగుచేస్తారు. బాగుచేసి చంపుతారు.

నోరు విప్పకపోతే రూప్లా రద్దు రాసేస్తాడు, ఎవరికీ ఏమీ తెలియదు. నోరు విప్పితే తప్పు రాత రాసినట్టు తానే ఒప్పుకున్నట్టు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇంట్లో అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో ఆ ఒక్క సంగతికే మోకరిస్తుంది.

"సభ కిరాయి అన్నది," అంది ఆరాధన. ఇంజను చప్పుడులో ఆ మాట వినపడలేదు. మళ్ళీ అంది. "సభ కిరాయే అన్నది సార్. పన్ను అని రాసింది నేను. మాట బాగుండదని నేనే మార్చాను. ఏకగ్రీవం కూడా కాదు, సంపూర్ణక్క వద్దన్నది. ఆ రోజు రాసుకున్న నోటు పుస్తకం ఆఫీసులో ఉంది, తెప్పిస్తాను."

రేవంతా ఆమె వైపు తిరిగింది. సంపూర్ణ పట్టుకారు ఎత్తి అలాగే పట్టుకుంది.

"ఆలోచించి మాట్లాడుతున్నారా అమ్మాయ్?" వకీలు గొంతు ఇంకా నిమ్మళంగా ఉంది. "రికార్డు మార్చానని నూరుమంది ముందు చెబుతున్నారు. మీరింకా ప్రొబేషన్‌లో ఉన్నారనుకుంటా."

"అవును సార్. సవరణ రాస్తాను. తప్పు నాదని కూడా అందులోనే రాస్తాను. ఊరంతా ఇక్కడే ఉంది, సభ ఇక్కడే పెట్టమనండి."

రూప్లా ఆమెను చూశాడు, హేమ్లిని చూశాడు. వెతుకుతున్న పెన్ను దొరికింది. దాన్ని ఆరాధన చేతికిచ్చాడు. "పెట్టినం సభ," అన్నాడు. అతని జీవితంలో అంత జల్దీగా తీసుకున్న నిర్ణయం అదొక్కటే.

ఆఫీసు పక్కనే కనుక తీర్మానాల పుస్తకం, నోటు పుస్తకం రెండూ వచ్చాయి. రెండింటినీ వకీలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ఆరాధన రేవు మెట్టు మీద కూర్చుని గబగబా రాయసాగింది. హేమ్లి వచ్చి పక్కన కూర్చుంది. తిడుతుందనుకుంది ఆరాధన. రెండు నెలల కష్టం ఒక్క మాటతో తగలబెట్టబోయిన మనిషిని ఎవరైనా తిడతారు.

"జెర ఆగి రాయి బిడ్డా," అంది హేమ్లి. "ఉరుక్కుంట రాస్తే అక్షరాలు వంకర పోతయి. మళ్ళ ఈ వకీలు సారు దాని కింద కూడా గీతలు గీస్తడు."

"నన్ను ఒక్కమాటన్నా అనరాదా అక్కా," అంది ఆరాధన.

"ఏమననూ? నువ్వు మాట మంచిగుండాలనుకున్నవ్. మంచిగుండాలనుకుంటే తప్పా? రేపటి సంది రాసేముందు నాకొకసారి చదివి వినిపియ్యి, అంతే. ఇగ నీ నౌకరి సంగతి. ఎవరన్న అడిగితే ఈ రేవు ఆడోళ్ళందరం ఆఫీసుకొచ్చి నిలబడ్తం. మేం నిలబడితే ఎట్లుంటదో శ్రీధర్ సారును అడగమను."

ఆరాధన రాసింది. 'నేల కిరాయి' అని స్పష్టంగా రాసింది. 'ఒకరు వ్యతిరేకించినారు' అని రాసింది. 'తప్పు నాది' అని రాసి సంతకం చేసింది. హేమ్లి దాన్ని తీసుకుని లేచి, బోర్డు చదివినట్టు ఒక్కొక్క అక్షరం గోదావరి అవతలి ఒడ్డుకు వినపడేలా చదివింది. లాంచీ మీద చప్పట్లు కొట్టారు. అక్షరం రాని రోజుల్లో కూడా ఈమె ఇంతే సూటిగా ఉండి ఉంటుంది అనుకుంది ఆరాధన. చదువు ఈమెకు గొంతు ఇచ్చిందంతే, బుద్ధి ముందు నుంచీ ఉన్నదే.

బల్ల వేయమని లాంచీ వైపు ఎవరో సైగ చేశారు.

"ఒక్క నిమిషం," అన్నాడు వెంకటేశ్వరరావు. అతను ఓడిపోయినట్టు లేడు. నచ్చిన పొడుపుకథ విన్నట్టు ఉన్నాడు. "కిరాయి అన్నారు, మంచిది, ఒప్పుకున్నాను. జాగా గలవాళ్ళు కిరాయి ఎంతైనా అడగొచ్చు. ఇందులో నా క్లయింటు చేసేదేమీ లేదు. మరి ఈ జాగా ఎవరిది?"

"ఊరిది," అంది హేమ్లి.

"ఊరిదని ఎక్కడుంది? కిరాయి తీసుకునేవాళ్ళు ఓనరై ఉండాలి కదమ్మా. సర్వే నంబరు చూడండి సెక్రటరీ గారూ. మీ ఫోన్లోనే వస్తుంది."

ఇన్నేళ్ళలో ఎవరూ చూడలేదు. రేవంటే ఊరిదే అనుకున్నారు, గాలి ఊరిదైనట్టు, ఏరు ఊరిదైనట్టు. ఆరాధన ఫోన్ తీసింది. నంబరు కొట్టింది. సిగ్నలు తిరుగుతూ తిరుగుతూ ఆగింది. పేరు వచ్చింది. ఆమె మళ్ళీ మొదటి నుంచి కొట్టి చూసింది. అదే పేరు.

"పైకి చదువు బిడ్డా," అంది హేమ్లి.

"ఒక ఎకరం పది గుంటలు. పట్టాదారు..." ఆరాధన తలెత్తింది. "స్తెఫను."

స్తెఫను పోయి పదకొండేళ్ళయింది. ఈ రేవులో ముప్పై ఏళ్ళు పడవ నడిపాడు. పట్టా ఉన్నట్టు ఇంట్లో కూడా చెప్పలేదేమో. చెప్పడానికి కొడుకు కూడా ఇప్పుడు లేడు. ఆ ఇంట్లో మిగిలిన మనిషి అతని కోడలు ఒక్కతే.

అందరి తలలూ నిప్పుల వైపు తిరిగాయి. సంపూర్ణ మాడిన బొంగును చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. అది కాలుతోందని కూడా ఆమెకు తెలిసినట్టు లేదు.

అందరికంటే ముందు కదిలింది శ్రీధర్. వకీలు లేచిన కుర్చీని తన చేత్తో తుడిచి, నాలుగడుగులు మోసుకుపోయి నిప్పుల పక్కన వేశాడు. "సంపూర్ణమ్మ గారూ, ఇలా కూర్చోండి," అన్నాడు. మూడేళ్ళుగా ఆమె అతనికి 'ఏయ్ చికెన్'. 'గారు' పుట్టింది ఇప్పుడే.

సంపూర్ణ బొంగును కింద పెట్టింది. మసి చేతులు కొంగుకు తుడుచుకుంది. హేమ్లి వైపు చూడలేదు. కుర్చీలో కూర్చుంది.

"ముందు జనాన్ని దించున్రి, ఆకలిమీదున్నరు," అంది. "కిరాయి ముచ్చట తర్వాత. సారూ నేనూ, మేమిద్దరమే మాట్లాడుకుంటం."